మీ ఆటను స్టోర్ నుంచి తీసింది ఎవరు? సరిహద్దు ఊళ్ల తెలుగువాళ్లు కనుక్కోవడం, అడగడం ఎలా

నిన్నటిదాకా ఆడుకున్న ఆట ఇవాళ స్టోర్‌లో కనబడకపోతే మన ఊళ్లలో అందరి నోటా ఒకటే మాట: "బ్యాన్ అయిపోయింది." పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, ఎక్కడైనా ఇంతే. సాయంత్రానికల్లా ఎవరో ఒకరు వాట్సాప్‌లో ఏపీకే (స్టోర్‌తో పని లేకుండా ఆటను నేరుగా ఎక్కించే ఫైలు) లింకు పంపుతారు, పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లోనే ఎక్కించేస్తారు. ఆ ఫోన్‌లోనే బ్యాంకు యాప్ ఉంటుంది, ఓటీపీలూ అందులోకే వస్తాయి.

"బ్యాన్" అనే మాటతో ఊరుకోకండి. ఆటను తీసింది స్టోర్ కావచ్చు, తయారుచేసిన కంపెనీయే కావచ్చు, కేంద్ర ప్రభుత్వం కావచ్చు, మీ నెట్ ఆపరేటర్ కావచ్చు, ఒక్కోసారి కార్డు కంపెనీల ఒత్తిడి కావచ్చు. ఎవరు తీశారన్నది తేలితే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఎవరిని అడిగినా కాగితం మీద అడగండి. ఇదంతా ఢిల్లీ వెళ్లకుండా, భువనేశ్వర్ కూడా వెళ్లకుండా చేసుకోగలిగిన పనే.

మొదటి పని: తెర మీద ఏం రాసి ఉందో చదవండి

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఆట పేరు కొట్టి వెతికితే రాలేదని వదిలేస్తారు. వెతకడం కాదు, ఆట పేజీ లింకు నేరుగా తెరవండి. పాత లింకు మీ దగ్గర లేకపోతే కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉంటుంది.

ప్లే స్టోర్ లింకు తెరిస్తే "మీ దేశంలో అందుబాటులో లేదు" అని వస్తే ఆట ఇంకా బతికే ఉంది, ఇండియాకు మాత్రమే ఆపారు. "ఈ చిరునామా దొరకలేదు" అని వస్తే పేజీనే తీసేశారు. "మీ పరికరానికి సరిపోదు" అంటే అది మీ ఫోన్ పాతబడిన సంగతి, ప్రభుత్వానికి సంబంధం లేదు. మన దగ్గర బ్యాన్ అని ప్రచారమయ్యే వాటిలో ఈ రకం కూడా ఉంటుంది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే స్టోర్‌లోనూ "మీ ప్రాంతంలో ప్రస్తుతం దొరకదు" అనే మాట విడిగా కనిపిస్తుంది.

వెబ్‌సైట్‌కే వెళ్లలేకపోతే, టెలికాం శాఖ ఆదేశం ప్రకారమో ఐటీ శాఖ ఆదేశం ప్రకారమో ఆపామని రెండు వరుసల ఇంగ్లిష్ నోటీసు వస్తుంది. అది మీ ఆపరేటర్ పెట్టిన అడ్డు. ఒక్కోసారి నోటీసు కూడా ఉండదు, పేజీ తిరిగి తిరిగి ఆగిపోతుంది.

ఏది కనిపించినా స్క్రీన్‌షాట్ తీయండి. అందులో తేదీ, సమయం, పైన లింకు, ఏ నెట్‌వర్కో చూపే గుర్తు, అన్నీ కనబడాలి. రేపు మీరు రాసే ప్రతి ఫిర్యాదుకూ ఇదే ఆధారం.

ఇంకొకటి చూడండి. ఫోన్‌లో ముందే ఉన్న ఆట నడుస్తోందా, లేదా? పబ్‌జీకి ఇండియా రూపమైన బీజీఎంఐని 2022 జులై 28న ప్లే స్టోర్, యాపిల్ స్టోర్ రెండింటి నుంచీ తీసినప్పుడు కొత్తగా దింపుకోవడం కుదరలేదు గానీ ఫోన్‌లో ఉన్నవాళ్లు ఆడుతూనే ఉన్నారు. 2020 సెప్టెంబర్ 2న 118 యాప్‌లలో ఒకటిగా నిషేధించిన పబ్‌జీ మొబైల్ సంగతి వేరు. అక్టోబర్ 30న కంపెనీయే ఇండియాకు సర్వర్లు ఆపేసింది. స్టోర్‌లో తీయడం ఒకటి, సర్వర్ ఆపడం ఇంకొకటి. మీరు డబ్బు పెట్టి కొన్న వస్తువులు ఆటలో ఉంటే ఈ తేడా మీకు చాలా ముఖ్యం.

రెండో పని: సరిహద్దు అవతలి చుట్టానికి ఫోన్ చేయండి

ఇది మన ప్రాంతం వాళ్లకు మాత్రమే ఉన్న సౌకర్యం. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నంలో, బరంపురం వాళ్లకు ఇచ్ఛాపురంలో, రాయగడ వాళ్లకు పార్వతీపురంలో, మోటు వైపు వాళ్లకు చింతూరులో ఎవరో ఒక మేనమామో పిన్నో ఉంటారు. అదే లింకు వాళ్లకు పంపి తెరవమనండి. మీ ఇంట్లో ఒడిశా సిమ్, ఆంధ్రా సిమ్ రెండూ ఉంటే రెండింటిలోనూ చూడండి, వైఫై ఆపి మరీ చూడండి.

అవతల కూడా రాకపోతే అది దేశం మొత్తానికి ఉన్న ఆపుదల. స్టోరో, కంపెనీయో, కేంద్రమో తీసినట్టు. అవతల వస్తూ మీకే రాకపోతే మీ ఆపరేటర్‌ను అనుమానించండి. అడ్డుకునే ఆదేశం ఒకటే అయినా దాన్ని అమలుచేసే పద్ధతి అన్ని ఆపరేటర్లకూ ఒకేలా ఉండదు. ఆట ఒక్కటే కాదు, నెట్ మొత్తం పోయిందంటే అది జిల్లాలో ఇంటర్నెట్ నిలిపివేత. దానికి రాష్ట్ర హోం శాఖ ఆదేశం ఉండాలి, ఆ ఆదేశాన్ని ప్రచురించాలి, 15 రోజులకు మించి ఉండకూడదు. ఆదేశాలు ప్రచురించి తీరాలని అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. అలాంటప్పుడు స్టోర్ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు.

స్థానిక పోలీసు ఉత్తర్వు ఇంకో రకం. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు అప్పటి 144 సెక్షన్ కింద పబ్‌జీ ఆడటాన్నే నిషేధించి, ఆడుతున్న విద్యార్థులను అరెస్టు చేశారు. స్టోర్‌లో ఆట మామూలుగానే ఉంది, ఊళ్లో ఆడితే మాత్రం కేసు. పిల్లల చేతిలోని ఫోన్ చూసి అరెస్టు దాకా వెళ్లడం నా ఉద్దేశంలో ఏ రకంగానూ సబబు కాదు. అలాంటి ఉత్తర్వు మీ ఊళ్లో వచ్చిందని ఎవరైనా అంటే ఉత్తర్వు నంబరు, తేదీ అడిగి రాసుకోండి.

మూడో పని: తీసింది ఎవరో తేల్చండి

కేంద్రం ఆపే దారి ప్రధానంగా ఐటీ చట్టం, 2000లోని 69ఏ సెక్షన్. దేశ సార్వభౌమత్వం, రక్షణ, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు రెచ్చగొట్టడం, ఇవే కారణాలు కావాలి. "పిల్లలు చెడిపోతున్నారు" అనేది ఆ సెక్షన్‌లో లేని కారణం. ఈ సెక్షన్ కోసం చేసిన 2009 నిబంధనల ప్రకారం కమిటీ విచారించాలి, ఆట కంపెనీకో స్టోర్‌కో కనీసం 48 గంటల గడువుతో నోటీసు ఇవ్వాలి. అత్యవసరమైతే ముందు ఆపేసి తరవాత కమిటీ ముందు పెట్టవచ్చు. 16వ నిబంధన ఈ వ్యవహారాన్ని రహస్యంగా ఉంచమంటుంది. మనలాంటి వాళ్లకు పెద్ద అడ్డు అదే. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు నెట్‌లో రాసిన మాటలకు జైలు వేసే 66ఏను కొట్టేసింది గానీ, ఈ రక్షణలన్నీ ఉన్నాయన్న కారణంతోనే 69ఏను నిలబెట్టింది. అంటే కారణం రాతలో ఉండాలి, దాన్ని కోర్టులో సవాలు చేసే వీలుండాలి.

2022 ఫిబ్రవరిలో 54 యాప్‌లను ఆపినప్పుడు గరేనా ఫ్రీ ఫైర్ పోయింది, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం ప్లే స్టోర్‌లో మిగిలింది. ఆదేశం పేరుపేరునా ఉంటుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. కాబట్టి మీ ఆట పూర్తి పేరు, ప్యాకేజీ పేరు సరిచూసుకోండి. ప్లే స్టోర్ లింకులో "ఐడీ" తరవాత చుక్కలతో ఉండేదే ప్యాకేజీ పేరు.

రెండో దారి అదే చట్టంలోని 79(3)(బి) సెక్షన్. ప్రభుత్వ అధికారి "ఇది చట్టవిరుద్ధం" అని స్టోర్‌కు తెలియజేస్తాడు. స్టోర్ తీయకపోతే దానికున్న చట్ట రక్షణ పోతుంది. 2024లో మొదలైన సహయోగ్ పోర్టల్ ఇందుకోసమే. 2025 నవంబర్ 15 నుంచి సంయుక్త కార్యదర్శి స్థాయి, పోలీసుల్లో అయితే డీఐజీ స్థాయి అధికారికి తగ్గనివాళ్లే కారణాలతో రాసి ఇవ్వాలని నియమం వచ్చింది. స్టేషన్ నుంచి వచ్చిన ఫోన్ కాల్ ఈ నియమం కిందికి రాదు.

మూడోది డబ్బాటల చట్టం. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అనే తేడా లేకుండా, నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షల దాకా. ఆడినవాళ్లకు శిక్ష లేదు. మన సరిహద్దుల్లో ఇది పాత గొడవే. ఒడిశాకు 1955 నాటి జూద నిరోధక చట్టం ఉంది. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో తమ చట్టాలు బిగించాయి. అందుకే డబ్బాటల యాప్‌ల షరతుల్లో, ఇక్కడివాళ్లు ఆడకూడదు అనే జాబితాలో ఈ మూడు రాష్ట్రాల పేర్లూ ఉండేవి, మహారాష్ట్ర పేరు ఉండేది కాదు. కేంద్ర చట్టం ఆ తేడాను చెరిపేసింది. మీ రమ్మీ యాప్ పోయిందంటే తిరిగి రప్పించే ప్రయత్నం వద్దు, అందులో మిగిలిన డబ్బు రాతపూర్వకంగా వెనక్కి అడగండి.

నాలుగోది చాలామందికి తట్టదు. 2025 జులైలో స్టీమ్ పెద్దలకు మాత్రమే అనే ఆటలను చాలా తీసేసింది, చిన్న డెవలపర్లు ఆటలు పెట్టుకునే సైటు ఇచ్.ఐఓ అలాంటివాటిని వెతుకులాటలో కనబడకుండా చేసింది. ఏ ప్రభుత్వమూ ఆదేశించలేదు. చెల్లింపు సంస్థల ఒత్తిడి వల్ల జరిగింది. కార్డు నెట్‌వర్కుల, బ్యాంకుల నియమాలను అతిక్రమించే ఆటలు కుదరవని స్టీమ్ తన నియమాల్లోనే రాసుకుంది. అలాంటి కేసులో ఐటీ శాఖకు రాస్తే ఏమీ రాదు.

ప్రభుత్వమే తీయించిందా అని పోల్చుకోవడానికి గూగుల్, యాపిల్ ప్రచురించే పారదర్శకత నివేదికలు చూడండి, దేశాలవారీగా ఉంటాయి. లుమెన్ అనే డేటాబేస్‌లో తొలగింపు నోటీసులు కొన్ని దొరుకుతాయి.

నాలుగో పని: రాయండి

ముందు డబ్బు సంగతి. స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకుండా, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే రీఫండ్ అడగవచ్చు. ప్లే స్టోర్‌లో 48 గంటల్లోపే గూగుల్‌ను నేరుగా అడగాలి, తరవాత డెవలపర్‌ను అడగాలి. గడువు దాటినా ఆట నడవడమే ఆగిపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి.

తరవాత స్టోర్ ఫిర్యాదు అధికారి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం స్టోర్ లాంటి ప్రతి మధ్యవర్తి సంస్థా ఆ అధికారి పేరు, చిరునామా తన సైట్‌లో ప్రకటించాలి. మీ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. పరిష్కారానికి ఆ నిబంధనలు మొదట పెట్టిన గడువు 15 రోజులు. ఆ రోజులు దాటినా జవాబు లేదంటే వాళ్లు నియమం తప్పినట్టే. ఆ సంగతి తరవాతి ఉత్తరంలో రాయండి.

ఉత్తరం ముందు తెలుగులో రాసుకోండి, తరవాత తేలిక ఇంగ్లిష్‌లోకి మార్చుకోండి. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే అసలు అడగాల్సింది పక్కకు పోయి "దయచేసి, దయచేసి" అనే మాటలే మిగులుతాయి. ఇలా ఉంటే చాలు:

"ఫలానా ఆట, ఫలానా ప్యాకేజీ పేరు, ఫలానా తేదీ నుంచి నాకు స్టోర్‌లో కనబడటం లేదు. నేను ఒడిశా గజపతి జిల్లాలో ఉంటాను. స్క్రీన్‌షాట్లు జతచేశాను. దీన్ని మీరే మీ విధానం ప్రకారం తీశారా? అయితే ఏ విధానం? ప్రభుత్వ ఆదేశం మీద తీశారా? అయితే ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ తేదీ? డెవలపర్ తీసుకున్నారా? నేను చెల్లించిన మొత్తం, బిల్లు నంబరు ఇవి. జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి."

ఇందులో కోపం లేదు, బతిమాలడం లేదు. మూడు ప్రశ్నలున్నాయి, మూడింటికీ విడివిడిగా జవాబు చెప్పక తప్పదు.

జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లండి. 2022 అక్టోబర్ సవరణతో వచ్చిన కమిటీలివి, జీఏసీ డాట్ గవ్ డాట్ ఇన్ అనే పోర్టల్‌లో అప్పీలు మొత్తం ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది. ఊళ్లో నెట్ సరిగా లేకపోతే జన సేవా కేంద్రంలో చేయించుకోవచ్చు, కానీ లాగిన్, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఫిర్యాదు అధికారి జవాబు తేదీ నుంచే రోజులు లెక్క, కాబట్టి ఆ మెయిల్ చెరపకండి.

కేంద్రం ఆదేశమని తేలితే ఐటీ శాఖకు ఆర్టీఐ వేయండి. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. జవాబుకు 30 రోజులు. "ఫైలు మొత్తం ఇవ్వండి" అని అడిగితే 16వ నిబంధన చూపించి తిరస్కరిస్తారు. చిన్నగా అడగండి: ఈ ఆట మీద ఆదేశం ఉందా, తేదీ ఏది, ఏ సెక్షన్, కమిటీ ముందు డెవలపర్‌కు అవకాశం ఇచ్చారా. వీటికీ తిరస్కారం రావచ్చు. అయినా వేయమనే అంటాను. ఆ తిరస్కారం కాగితం రేపు హైకోర్టులో పనికొస్తుంది.

ఆట తయారుచేసే పిల్లలకు

గుణుపురం, బరంపురం కాలేజీల్లో చదివే మన పిల్లలు ఇప్పుడు సొంతంగా ఆటలు కడుతున్నారు. చాలా సంతోషం. వాళ్లకు కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆడేవాళ్లకు పోయేది ఒక ఆట, వీళ్లకు పోయేది నెలల కష్టం.

ప్లే స్టోర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, యాపిల్‌కు ఏటా 99, స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు. ఇచ్.ఐఓలో ఉచితం, మొదటి ఆట అక్కడ పెట్టి చూడటం మంచిది. ప్లే స్టోర్‌లో కొత్త వ్యక్తిగత ఖాతాలకు 12 మంది పరీక్షకులు 14 రోజులు ఆపకుండా ఉండాలి. చెల్లెళ్లు, బావలు, క్లాస్‌మేట్లు కలిస్తే సరిపోతారు, కానీ మధ్యలో ఎవరూ బయటకు రాకుండా చూసుకోండి.

మన దేశంలో సినిమాలకు సెన్సార్ బోర్డు ఉన్నట్టు ఆటలకు లేదు. వయసు గుర్తును స్టోర్‌లో మీరు నింపే ప్రశ్నాపత్రమే నిర్ణయిస్తుంది. ప్లే స్టోర్‌లో అది ఆటలకు వయసు గుర్తులిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ వాళ్లది, 3+ నుంచి 18+ దాకా గుర్తు వస్తుంది. ఇక్కడ అబద్ధం చెబితే తరవాత ఎంత బాగా వాదించినా ఎవరూ వినరు. ఉదాహరణకు, డబ్బు లేని పేకాట ఆట చేశారనుకోండి. "జూదాన్ని పోలిన ఆట ఉందా" అనే ప్రశ్నకు అవును అనే చెప్పాలి, వయసు గుర్తు పెరిగినా సరే. ఇక ఆటలో కాయిన్లు డబ్బుకు కొనేలా ఉండి, గెలిచినవి డబ్బుగానో రీచార్జ్‌గానో బహుమతిగానో మార్చుకునే వీలు పెట్టారా, అది 2025 చట్టం కిందికి వచ్చేస్తుంది. ఆ ఒక్క బటన్ పెట్టకండి.

పటం విషయంలో జాగ్రత్త. భారత సర్వే విభాగం పటానికి భిన్నంగా దేశ పటం ప్రచురిస్తే 1961 చట్టం కింద ఆరు నెలల దాకా జైలు ఉంది. ఎక్కడో దొరికిన ఉచిత పటాన్ని వాడకండి. మన కొటియా గ్రామాల మీద ఒడిశా, ఆంధ్ర మధ్య వివాదం ఇంకా తేలలేదు, సరిహద్దు గీసే ఆటలో ఆ గీత దగ్గర ఆలోచించి గీయండి. దేవుళ్లను, జాతీయ చిహ్నాన్ని, మావోయిస్టు ఘర్షణను వాడే ఆటలు చేయకూడదని నేననను. మల్కనగిరి, గడ్చిరోలి పిల్లలకు తమ జిల్లా కథ చెప్పుకునే హక్కు ఉంది. కానీ ఎందుకలా చూపించారో ఒక పేజీ ముందే రాసి పెట్టుకోండి.

బీజీఎంఐ తిరిగి వచ్చిన తీరు చూడండి. 2021లో ఆకుపచ్చ రక్తంతో వచ్చింది, తెర తెరవగానే ఇది నిజ ప్రపంచం కాదు అని ఒక గొంతు చెప్పేది. తీసేశాక 2023 మేలో వచ్చినప్పుడు మూడు నెలల పరిశీలన పెట్టారు. మైనర్లకు రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటల పరిమితి. పెద్ద కంపెనీ కాబట్టి ఇన్ని మార్పులు చేసి నెగ్గుకొచ్చింది. ఒక్కడే కూర్చుని చేసిన ఆటకు ఆ అవకాశం రాదు. అందుకే మార్చగలిగే వాటిని, రక్తం రంగు, వయసు గడి, ఆడే సమయం, మొదటినుంచీ సెట్టింగ్స్‌లో విడిగా పెట్టుకోండి.

తిరస్కరించారా? టెన్షన్ పడకండి. ప్లే స్టోర్‌లో తిరస్కరణ, తొలగింపు, సస్పెన్షన్ మూడూ వేరు. తిరస్కరణ మీ ఖాతాకు మచ్చ కాదు, సరిచేసి మళ్లీ పంపవచ్చు. సస్పెన్షన్ మచ్చగా లెక్కకొస్తుంది, అలాంటివి పేరుకుంటే ఖాతాయే పోతుంది. కాబట్టి కారణం చదవకుండా అదే ఆటను పేరు మార్చి పంపడం అన్నిటికన్నా చెడ్డ పని. అప్పీలు ఇలా రాయండి:

"మీరు ఫలానా విధానం కింద ఆపారు. మా ఆటలో డబ్బు కట్టే చోటు, గెలిచింది బయటకు తీసుకునే చోటు రెండూ లేవు. పాయింట్లు ఆట మూయగానే సున్నా అవుతాయి. సంబంధించిన తెరల చిత్రాలు జతచేశాను, తెలుగు మాటలకు ఇంగ్లిష్ అర్థాలు పక్కన ఇచ్చాను. మీకు అభ్యంతరమున్న తెర ఏదో చెబితే మారుస్తాను."

తెలుగు మాటలకు అర్థాలు ఇవ్వడం మరవకండి. చూసేది యంత్రమైనా మనిషైనా తెలుగు తెలిసి ఉంటారన్న భరోసా లేదు.

వీపీఎన్, ఏపీకే గురించి

వీపీఎన్ (మీరు వేరే చోట ఉన్నట్టు నెట్‌కు చూపే యాప్) వాడటమే దేశంలో నేరం కాదు, కొన్నిచోట్ల స్థానిక ఉత్తర్వులతో ఆపిన సందర్భాలు ఉన్నాయి. కానీ వీపీఎన్‌తో వేరే దేశంలో ఉన్నట్టు చూపి స్టీమ్‌లో కొంటే మీ ఖాతా పోవచ్చు, కొన్నవన్నీ పోతాయి. బయటి ఏపీకే వద్దంటే వద్దు. ఇప్పటికే ఎక్కించి డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తరవాత బ్యాంకుకు.

ఏదీ తేలకపోతే

హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఒడిశా జిల్లాలవాళ్లకు కటక్. మహారాష్ట్రలో సిరొంచ, రాజురా వైపు తెలుగువాళ్లకు నాగపూర్ బెంచ్, ధర్మాబాద్, దెగ్లూర్ వాళ్లకు ఛత్రపతి శంభాజీనగర్ బెంచ్. లాయర్‌కు డబ్బు లేదని ఆగకండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవా సంస్థ ఆఫీసుకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు స్క్రీన్‌షాట్ల ప్రింట్లు, బిల్లులు, ఫిర్యాదు అధికారి జవాబు, అప్పీలు నంబరు, ఆర్టీఐ జవాబు తేదీల వరుసలో పేర్చి రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.